శుక్రవారం చుక్క

స్పోర్ట్స్ డే నాడు పరుగుపందేలకి వాడే గడియారం ఒకటి ఫిజీలో మా సబేటో ఊరి బడి బీరువాలో ఉండేది. మెడలో వేసుకోవడానికి దానికి నీలం తాడు. ఏడాదికి ఒక్కరోజు బయటికి వచ్చే ఆ వస్తువు, నా మనవరాలు మూడో క్లాసుకి వచ్చిన ఏడు, ప్రతి శుక్రవారం బయటికి రావడం మొదలుపెట్టింది. దానితో పిల్లల చదువు కొలుస్తున్నారని విని మొదట నవ్వాను. తరవాత నవ్వు రాలేదు.

వాళ్ల పద్ధతి ఇది. పిల్లని బల్ల ముందు కూర్చోబెట్టి ఒక పేజీ ఇంగ్లీషు కథ ఇస్తారు. టీచరు గడియారం నొక్కుతుంది. పిల్ల పైకి చదవాలి. టీచరు చేతిలో అదే పేజీ ఇంకొకటి ఉంటుంది, తప్పు చదివిన మాట మీద గీత కొడుతుంది. ఏదైనా మాట దగ్గర పిల్ల మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగిపోతే టీచరే ఆ మాట చెప్పేసి దాని మీదా గీత కొడుతుంది. నిమిషం కాగానే ఆపేస్తారు. సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టి గళ్ల కాయితం మీద ఒక చుక్క పెడతారు. వారానికి ఒక చుక్క. ఏడాది చివరికి పిల్ల ఎంతవరకు రావాలో చూపించే ఏటవాలు గీత ఆ కాయితం మీద ముందే గీసి ఉంటుంది. చుక్కలు గీతకి పైన ఉంటే తెలివైన పిల్ల, కింద ఉంటే మొద్దు. ఈ ఆఖరి మాట పద్ధతిలో లేదు, మా హెడ్మాస్టరు కలిపింది. అది ఆయన కలిపిన మాట అని నాకు తెలియడానికి ఒక టర్మ్ పట్టింది.

ఆయన ఆ కాయితాలన్నీ పేర్లతో సహా వరండా గోడకి అంటించాడు. రోటీ డబ్బా ఇవ్వడానికి వచ్చిన తల్లులు అక్కడ ఆగి, తమ పిల్ల కాయితం ఒకసారి, పక్కింటి పిల్ల కాయితం మూడుసార్లు చూసేవారు. నా మనవరాలి చుక్కలు గీతకి బాగా కింద, నేల మీద పాకే చీమల్లా ఉండేవి.

"ఆజీ, మీ పిల్ల ఇంకా నేల మీదే ఉంది," అంది ఒక తల్లి.

"నీ పిల్ల ఆకాశంలో ఉంది కదా. కింద పడేటప్పుడు కేక వెయ్యి, వచ్చి పట్టుకుంటాను," అన్నాను.

మా మాటలన్నీ ఫిజీ హిందీలోనే నడుస్తాయి, ఆజీ అంటే నాయనమ్మ. తెలుగు నా ఈడువాళ్లకి గుడిలోనూ, కోపం వచ్చినప్పుడూ మాత్రమే నోటికి వస్తుంది. అందుకని ఇక్కడ అందరి మాటలూ తెలుగు చేసి రాస్తున్నాను. నాకు కోపం చాలాసార్లు వచ్చింది గనక పెద్ద కష్టం కాలేదు.

అక్షరాలు లేని బతుకు ఏమిటో ఆ హెడ్మాస్టరు కంటే నాకు ఎక్కువ తెలుసు. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నా చంకలో మొదటి బిడ్డ. ఆ బడి మైదానంలోనే కొత్త జెండా ఎత్తారు. పిల్లలకి కప్పులు పంచారు, నా చంకలో వాడికీ ఒకటి దొరికింది. ఇంటికి తెచ్చి తిప్పి తిప్పి చూశాను. జెండా బొమ్మ తెలిసింది. దాని కింద రాసింది తెలియలేదు. మా ఆయన్ని అడిగాను. "నీకెందుకు? టీ పోసుకుని తాగు," అన్నాడు. తాగాను. చెరకు నరకడానికి వెళ్లే ముందు తాగాను, వచ్చాక తాగాను. ఏమి రాసుందో తెలియని కప్పులో ముప్పై ఏళ్ల పైన టీ తాగిన మనిషిని నేను. చెరకు మిల్లు కాయితం మీద, బడి కాయితం మీద, ఆసుపత్రి కాయితం మీద నా బొటనవేలు నల్లబడింది. ఆ రోజుల్లోని నన్ను తలుచుకుంటే నాకు జాలి వెయ్యదు, చిరాకు వేస్తుంది. అడగడం మానేసి తాగుతూ కూర్చున్నాను కదా.

నలభై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. గుడి హాల్లో, మిల్లు పని నుంచి రిటైరైన ఒక ముసలాయన మంగళవారం సాయంత్రాలు పెద్దవాళ్లకి చెప్పేవాడు. ఐదుగురం ఆడవాళ్లం, ఒక మగవాడు. ఆ మగవాడు రెండు వారాలకే మానేశాడు, వేళ్లు నొప్పట. పొద్దున్నుంచి కత్తి పట్టిన వేళ్లు, బలపం పడితే నొప్పట!

ముసలాయనది ఒకటే నియమం. ఒక వాక్యం చదివితే, దానికి అర్థం చెప్పి, పక్కనున్నవాళ్లు తల ఊపాకే రెండో వాక్యం ముట్టుకోవాలి. ముందే ముట్టుకుంటే స్కేలుతో వేళ్ల మీద తట్టేవాడు. మనవలున్న ఆడవాళ్లమని చూసేవాడు కాదు. దానికి కారణం ఉంది. మా గుడి మండలిలో పురాణం చదివేటప్పుడు తెలుగు తెలిసినవాళ్లు నలుగురు, తెలియనివాళ్లు నలభైమంది. ఒకరు తెలుగులో ఒక వాక్యం చదువుతారు, ఆగుతారు, హిందీలో అర్థం చెబుతారు, వెనక కూర్చున్నవాళ్లు ఊఁ కొడతారు, అప్పుడు ముందుకి. మాకు చదవడమంటే అదే. అర్థం చెప్పకుండా పరుగెత్తేవాణ్ణి మా మండలిలో రెండోసారి పీట మీద కూర్చోనివ్వరు.

నా మనవరాలిని పెంచింది నేనే. వాళ్ల అమ్మా నాన్నా నాందీ టౌన్ దగ్గర హోటల్లో పని, ఒకరు దుప్పట్లు ఉతికే చోట, ఒకరు వంటింట్లో, ఒకరు వచ్చేసరికి ఒకరు వెళ్లిపోతారు. నాకు తెలుగు వచ్చింది గాని ఇంగ్లీషు రాలేదు. అందుకని దానికి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. షుగర్ క్లినిక్ కాయితం, మిల్లు నోటీసు, మందు సీసా మీద చీటీ, అన్నీ అదే చదివేది. ఒక వాక్యం చదివి తల ఎత్తి నాకు అర్థం చెప్పేది. నేను ఊఁ అన్నాక రెండోది. మరిచిపోతే వేళ్ల మీద తట్టేదాన్ని. ఆ పాత కప్పు మీద రాసింది చదివి చెప్పింది కూడా అదే, ఏడేళ్లప్పుడు. దేశం పేరు, తేదీ, అంతే.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే ఆజీ. ఇంకేం లేదు."

ముప్పై ఏళ్లు దీనికోసమా అనిపించింది. కాని తెలిసింది కదా.

రెండో టర్మ్ మధ్యలో ఒకరోజు బడి నుంచి పిల్ల సంచీలో ఉత్తరం వచ్చింది, నా పేరు మీద. ఎప్పటిలాగే అది నా పక్కన కూర్చుని విప్పింది.

మొదటి వాక్యం చదివింది. "అంటే, నా చుక్కలు నాలుగు వారాలు వరసగా గీత కింద ఉన్నాయంట."

ఊఁ అన్నాను.

రెండోది చదివింది. "అంటే, నాకు ఈ క్లాసు పనికిరాదంట."

నేను ఊఁ అనలేదు. అది కాసేపు చూసి, నా ఊఁ కోసం ఆగకుండా మూడోది చదివింది. చదివాక తల ఎత్తలేదు.

"అర్థం?" అన్నాను.

"శనివారం బడి కమిటీ మీటింగ్‌కి నువ్వు రావాలి. టర్మ్ అయ్యాక నన్ను టౌన్‌లో స్పెషల్ స్కూల్‌కి పంపించేస్తారు." కాయితం మడుస్తూ అడిగింది, "అక్కడికి మన బస్సు వెళ్తుందా ఆజీ?"

తన మీద రాసిన ఉత్తరం తనే చదివి, తనే అర్థం చెప్పి, తనే బస్సు సంగతి అడుగుతోంది. ఇది చదవలేని పిల్లట.

మర్నాడు శుక్రవారం. డబ్బా ఇచ్చి ఇంటికి రాకుండా వరండాలో కిటికీ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. లోపల టీచరు. ఇరవై అయిదేళ్లుంటాయేమో, రాజధాని సూవాలో ట్రైనింగై వచ్చిన పిల్ల, నెమ్మదస్తురాలు. మెడలో నీలం తాడు. నా మనవరాలిని పిలిచి పేజీ ముందు పెట్టి, "నీకు వచ్చినంత బాగా చదువు," అని గడియారం నొక్కింది.

పిల్ల మొదటి వాక్యం చదివింది. తప్పు లేదు, తడబాటు లేదు. అక్కడ ఆగింది. తల ఎత్తి టీచరుతో ఎంతో మర్యాదగా హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. "అంటే మేడం, ఈ స్క్విరల్ అనేది ముంగిస లాంటిదే, కాని చెట్టెక్కుతుంది. మన దగ్గర లేదు. దానికి ఆకలేసి కాయలు దాచుకుంటోంది. చలి వస్తుందని. ఎంత చలో నాకు తెలీదు." చెప్పి, టీచరు తల ఊపుతుందేమోనని చూస్తూ కూర్చుంది. టీచరు గడియారం కేసి చూస్తోంది. కాసేపటికి, "ముందుకి చదువు," అంది. పిల్ల రెండో వాక్యం చదివింది. మళ్లీ తల ఎత్తింది.

వచ్చినంత బాగా చదవమన్నారు గనక అది తనకి తెలిసిన అన్నిటికన్నా మంచి పద్ధతిలో చదువుతోంది. ఆ పద్ధతి నాది. వేళ్ల మీద తట్టి మరీ నేర్పింది నేను. నిమిషంలో సగం ముంగిస సంగతికే పోయింది.

ఇంటర్వెల్‌లో టీచరుని పట్టుకున్నాను.

"అది చదవలేక ఆగుతోందా?"

"కాదు ఆజీ. నాకు తెలుసు."

"తెలిస్తే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. పిల్ల తడబడకపోయినా ఆగిన టైమ్ ఆగినట్టే అన్నారు హెడ్మాస్టరు. ఇన్‌స్పెక్షన్ వస్తోంది. కింద ఉన్న చుక్కలు గోడ మీద ఉండకూడదంటున్నారు."

"చుక్కలు ఉండకూడదంటే పిల్లలు ఉండకూడదనా?"

ఆమె అటూ ఇటూ చూసింది. డ్రాయర్‌లోంచి మడిచిన కాయితాలు తీసి నా చేతిలో పెట్టింది. "ఇవి ట్రైనింగ్‌లో ఇచ్చినవి. మీ మనవరాలితో చదివించుకోండి. నేనిచ్చానని చెప్పకండి," అంది.

ఆమె మీద కూడా నాకు ఆనాడు గౌరవం కలగలేదు. తెలిసీ నోరు మూసుకున్నవాళ్లకి చదువెందుకు అనుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే నాకు తెలియక. ఆమెకి ఆ వంక కూడా లేదు.

ఆ సాయంత్రం అన్నం వండుకోలేదు. పిల్లా నేనూ ఆ కాయితాలు ముందేసుకుని కూర్చున్నాం. రోజూ చదివే కాయితాల్లా లేవవి. మాటలు పెద్దవి, పిల్లకి నోరు తిరగలేదు. ఒక్కో వాక్యం రెండు మూడుసార్లు చదవాల్సి వచ్చింది. రెండో పేజీలో ఒక చోట చదివి, ఆగి, వేలు తీసుకోకుండా వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది.

"ఆజీ, ఇక్కడ వేరేలా ఉంది," అంది.

శనివారం మధ్యాహ్నం బడి షెడ్డులో చాప పరిచి, మధ్యన చెక్క గిన్నెలో కాస్త మత్తిచ్చే యాంగోనా వేరు పొడి చన్నీళ్లలో కలిపి, కమిటీ మగవాళ్లు ఎనిమిదిమంది చుట్టూ కూర్చున్నారు. అందరూ చెరకు రైతులే. ఈ కమిటీకి బడి పైకప్పు కారితే ఎవరి రేకు తీసి ఎక్కడ వెయ్యాలో తెలుసు. దాని కింద ఏం జరుగుతోందో తెలియదు, తెలుసుకుంటే గిన్నెలో ఆ యాంగోనా గ్రోగు చల్లారిపోతుందని భయం కాబోలు, అదేదో వేడిగా తాగేదైనట్టు. హెడ్మాస్టరు తెల్లచొక్కా వేసుకుని, నా మనవరాలి కాయితం గోడ మీంచి తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. టీచరు ఒక మూల.

నన్ను కూడా కూర్చోమన్నారు. పిల్లని నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను.

"పిల్లని ఎందుకు తెచ్చారు ఆజీ?" అన్నాడు హెడ్మాస్టరు.

"దాని గురించే కదా మాట్లాడేది. మీ చుక్కకి మాటలు రావు."

ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. కాయితం అందరికీ తిప్పి చూపించాడు. గీత ఇది, చుక్కలు ఇవి, నాలుగు వరసగా కింద ఉంటే రూలు ప్రకారం చర్య తీసుకోవాలి, అన్నాడు. రూలు అనే మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కొంచెం లావయింది.

"ఏ రూలు?" అన్నాను.

"అవి ట్రైనింగ్ కాయితాలు ఆజీ. మీకు అర్థం కాదు."

"కాదు కాబట్టే అర్థం చెప్పే మనిషిని తెచ్చుకున్నాను." పిల్ల చేతికి మడిచిన కాయితం ఇచ్చాను. మూల నుంచి టీచరు నేల కేసి చూసింది.

పిల్ల లేచి నిలబడింది. వాక్యం ఇంగ్లీషులో చదివింది. ఆగింది. గిన్నె చుట్టూ ఉన్న ఎనిమిదిమంది కేసీ చూసి, మండలిలో చెప్పినట్టే గొంతు పెంచి హిందీలో చెప్పింది.

"అంటే, నాలుగు చుక్కలు వరసగా గీత కింద ఉంటే, టీచర్ నేర్పే పద్ధతి మార్చాలంట."

ఎవరూ ఊఁ అనలేదు. అది ఊఁ కోసం చూస్తూ నిలబడింది.

"మళ్లీ చెప్పు బేటీ," అన్నాడు కమిటీ ప్రెసిడెంటు, గ్రోగు పోసిన కొబ్బరి చిప్ప పెదాల దాకా ఎత్తి ఆపి.

"పిల్లని మార్చమని లేదు దాదా. నేర్పడం మార్చమని ఉంది. రెండుసార్లు చదివాను."

ప్రెసిడెంటు చిప్ప తాగి, ఖాళీ చేసి, ఆనవాయితీ ప్రకారం మూడు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. తరవాత హెడ్మాస్టరు కేసి తిరిగాడు.

"మాస్టర్, నా చెరకు ఎదగకపోతే నేను ఎరువు మారుస్తాను. పొలాన్ని లబాసాకి పంపించను."

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. లబాసా సముద్రం అవతల ఇంకో దీవిలో ఉంది గనక ఎక్కువ నవ్వారు. వాళ్లలో సగంమందికి ఇంగ్లీషు రాదు. హెడ్మాస్టరు వచ్చినప్పట్నించీ ఆయన ఏం చెబితే దానికి తల ఊపినవాళ్లే. ఇప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల చెబితే అటు ఊపారు. ఆ తలల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఆనాడు మా వైపు ఊగాయి, అంతే.

"మేడం, ఇది నిజమేనా?" అన్నాడు ప్రెసిడెంటు.

టీచరు తల ఎత్తింది. "నిజమే దాదా. అలాగే రాసి ఉంది," అంది. అంత చిన్న మాట చెప్పడానికి ఆమెకి ఒక టర్మ్ పట్టింది.

హెడ్మాస్టరు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే, ఇంకో నాలుగు వారాలు చూద్దాం," అన్నాడు, ఆ నాలుగు వారాలూ ఆయన ఇంటి నుంచి తెచ్చి దానం చేస్తున్నట్టు.

మార్చింది ఏమిటంటే ఇది. తరవాతి శుక్రవారం టీచరు పిల్లతో, "గడియారం నొక్కింది మొదలు ఆపేదాకా ఆగకుండా చదువు. ఆపాక అర్థం అంతా నాకు చెప్పు, ఎంతసేపైనా వింటాను," అంది. అంతే. పిల్ల చదివేసింది. చుక్క ఎగిరి గీత మీద కూర్చుంది. ఆ వారంలో అది కొత్తగా నేర్చుకున్న అక్షరం ఒక్కటి లేదు. అడిగేవాళ్లు సరిగ్గా అడిగారు, అంతకుమించి ఏమీ జరగలేదు. హెడ్మాస్టరు మాత్రం ఆ కాయితాన్ని వరండాలో అందరికన్నా పైన అంటించి, చూశారా మన బడిలో పద్ధతి ఎలా పనిచేస్తోందో, అని వచ్చేపోయే తల్లులకి చూపించాడు. ఇన్‌స్పెక్టరుకీ చూపించాడు. ఆయన సిగ్గు కొలిచే గడియారం ఏ బీరువాలోనూ లేదు.

గడియారాన్ని మాత్రం నేను తిట్టలేను. ఆ గోడ మీద ఇంకో ఆడపిల్ల చుక్కలు కూడా కిందే ఉండేవి. ఆ పిల్లకి నిజంగానే చదవడం రాదు. పక్కపిల్ల చదివింది విని అప్పజెబుతూ రెండు క్లాసులు దాటేసింది, ఒక్కరికీ తెలియలేదు. ఆ చుక్కలు పట్టుకున్నాయి. కమిటీ మీటింగ్ అయ్యాక టీచరు ఆ పిల్లకి రోజూ మధ్యాహ్నం విడిగా అక్షరాల దగ్గర్నించి చెప్పింది. చుక్కలు మెల్లిగా లేచాయి. చిన్నప్పుడు నా చుక్కలు ఎవరైనా పెట్టి ఉంటే నలభై ఏళ్లు ఆగేదాన్ని కాదేమో. కొలవడం తప్పు కాదు. కొలిచినవాడు కొలత చూసి పిల్లని తోసేస్తే, వాడి చేతిలో గడియారమున్నా గొడ్డలున్నా ఒకటే.

టర్మ్ అయిపోయింది. స్పెషల్ స్కూలు మాట మళ్లీ రాలేదు. క్లినిక్ నుంచి నాకు కొత్త కాయితం వచ్చింది. పిల్ల విప్పి, ఒక్క ఊపిరిలో గడగడా చివరిదాకా చదివేసింది. నాకు ఒక్క ముక్క అందలేదు.

"ఏమిటది? అర్థం ఏది?"

"చివర్లో చెప్తా కదా ఆజీ."

"చెప్పు."

అది కాయితం కేసి చూసింది. మొదటిది చెప్పింది, ఆఖరిది చెప్పింది. మధ్యలో ఏ మాత్ర మానెయ్యాలో, ఏది పెంచాలో దానికి గుర్తులేదు. మాత్రల సీసాలు రెండూ మా ముందే ఉన్నాయి. నాకు కోపం రాలేదు, భయం వేసింది. బడిలో నిలబెట్టుకున్నాను సరే, ఇంట్లో పోగొట్టుకున్నానా అనిపించింది.

అది నా మెడ కేసి చూసింది. తాడు కోసం చూసిందని తరవాత తెలిసింది.

"నీ దగ్గర గడియారం లేదు కదా ఆజీ?"

"లేదు."

"అయితే ఆగొచ్చా?"

"ఆగు," అన్నాను. "ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగు."

మొదటి వాక్యం కింద వేలు పెట్టింది. చదివింది. తల ఎత్తి అర్థం చెప్పింది. నేను ఊఁ అన్నాను.